ఎనభై నాలుగో పేజీలోని ఇల్లు

లేని ఇంటి ముందు కారు ఆగింది. క్రితం వారం మనం వాళ్ళిద్దరినీ వదిలిపెట్టింది అక్కడే.

నలభై ఒక్క బ్రూవరీలు బస్సుల్లోనూ కాలినడకనా తిరిగి, ప్రతిచోటా కూర్చుని తాగి, దారిన పోయేవాళ్ళకు పనికొచ్చేలా ఒక పుస్తకం రాసిన పెద్దమనిషి ఒకరు. ఆ పుస్తకాన్ని ఆరో ముద్రణకు సిద్ధం చేయడానికి ఆయన్ను వెంటబెట్టుకుని బయలుదేరిన కోడలు ఇంకొకరు. ఆమె కారు నడుపుతుంది, రాసుకుంటుంది. ఆయన తాగుతాడు, చెబుతాడు. పద్దెనిమిది చోట్లు అలా ముగిశాయి. పందొమ్మిదోది ఎనభై నాలుగో పేజీ. ఆ పేజీ దగ్గరపడేసరికి ఆయనకు కడుపునొప్పి వచ్చింది. తర్వాత మోకాలు నొప్పి వచ్చింది. ఆ తర్వాత ఆ దారి ఏమాత్రం బాగుండదని గుర్తొచ్చింది. కోడలు మాత్ర ఇచ్చింది, మోకాలికి పట్టీ చుట్టింది, దారి బాగానే ఉందని చూపించి స్టీరింగు తిప్పింది.

ఆయన భయం మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఎనభై నాలుగో పేజీలోని బ్రూవరీ ఆయన కల్పించింది. ఇరవై నాలుగేళ్ళ కిందట ఇంకో ప్రచురణకర్త ఆయన మొదటి ముద్రణను అక్షరం పొల్లుపోకుండా ఎత్తి, అచ్చుతప్పులతో సహా తన పేరున వేసుకున్నాడు. అలాంటి దొంగను పట్టుకోవడానికి ఆ వృత్తిలో ఒక పాత పద్ధతి ఉంది. నిజంగా లేనిదొకటి తర్వాతి ముద్రణలో రాసి పెట్టాలి. అదీ అతని పుస్తకంలో కనిపిస్తే దొంగతనం రుజువైనట్టే. ఎప్పుడో బస్సు కిటికీలోంచి నది మలుపులో చూసిన ఒక నీలం తలుపును ఆయన తీసుకున్నాడు. దాని వెనక ఒక రాగి బానను, మూడు రకాల బీరును, మితంగా మాట్లాడే ఒక మనిషిని పెట్టాడు. దొంగ దొరికాడు. పేజీ ఉండిపోయింది. తీసేస్తే ఎందుకు తీశావని ఎవరైనా అడుగుతారు. అడిగేదాకా ఉండనిమ్మనుకున్నాడు. ఎవరూ అడగలేదు. పైగా ఒక పాఠకుడు, ఎనభై నాలుగో పేజీలో మీరు చెప్పిన చోటుకి వెళ్ళాను, అద్భుతం అని ఉత్తరం రాశాడు. చూడకుండానే పొగిడేవాళ్ళు ఉంటారు కదా అని ఆయన నవ్వుకుని ఆ ఉత్తరాన్ని పక్కన పడేశాడు.

ఇప్పుడు ఆ నీలం తలుపు ఎదురుగా ఉంది. తలుపు మీద బోర్డు ఉంది. బోర్డు మీద, ఒకానొక మధ్యాహ్నం ఆయన కలం కొస కొరుకుతూ కల్పించిన పేరే ఉంది. మలుపు ఇల్లు.

"దిగండి మామయ్యగారూ," అంది కోడలు. "కడుపునొప్పికి మందు లోపలే దొరుకుతుంది."

ఆయన దిగాడు. అబద్ధం చెప్పినవాళ్ళు దాని పక్కనుంచి జీవితమంతా తప్పుకుని నడుస్తారు. తలుపు తెరుచుకుని దాని లోపలికి వెళ్ళవలసిన అవసరం ఎవరికో గాని రాదు. గుమ్మం ఎత్తు తక్కువ. పుస్తకంలో ఆ సంగతి లేదు. ఆయన నుదురు తగిలింది.

గది పొడుగ్గా ఉంది. ఒక చివర రొట్టెలు కాల్చే పొయ్యి, ఇంకో చివర రాగి బాన. మధ్యలో నాలుగు బల్లలు. ఉడుకుతున్న బార్లీ వాసన, కాలుతున్న పిండి వాసన గది నడిమధ్య కలుసుకుంటున్నాయి. అరవై దాటిన ఒకావిడ మోచేతుల దాకా పిండితో పొయ్యి దగ్గరనుంచి ఇటు తిరిగింది. చుట్టుపక్కల అందరూ ఆవిడను రొట్టెలావిడ అనే పిలుస్తారు.

"రండి రండి. ఆ కిటికీ పక్కన కూర్చోండి, గాలొస్తుంది. ఇద్దరికీనా?"

"ఆయనొక్కరికేనండీ. నేను డ్రైవర్ని," అంది కోడలు.

"అయ్యో పాపం! డ్రైవర్లకి మా ఇంట్లో వేడి రొట్టె. ఎంత తిన్నా ఏ పోలీసూ ఆపడు."

కోడలు సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. రొట్టెలావిడ చూపు దాని మీద ఆగింది.

"ఈ పుస్తకం పట్టుకొచ్చేవాళ్ళు చాలామందే. కానీ ఇలా పేజీ పేజీకీ మధ్య తెల్లకాగితం కుట్టిన పుస్తకం నేనెప్పుడూ చూళ్ళేదు."

తాగడం పూర్తయ్యేదాకా తామెవరో చెప్పకూడదని ఆయన పెట్టిన నియమం. పద్దెనిమిది చోట్లా కోడలు ఆ నియమం తప్పలేదు. ఇక్కడ తప్పడానికి కారణం గోడ మీద ఉంది. ఎనభై నాలుగో పేజీని అక్కడ అద్దం కట్టించి వేలాడదీశారు. అంత ప్రేమగా దాచుకున్న మాటలు ఎవరివో చెప్పకుండా ఉండటం ఆమెకు దొంగతనంలా తోచింది. బల్ల కింద మామగారు ఆమె కాలు తొక్కాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"రాసింది మా మామయ్యగారేనండీ."

రొట్టెలావిడ చేతిలోని గరిట ఆగిపోయింది. ఆవిడ ఆయన్ను చాలాసేపు చూసింది. మనిషిని మొదటిసారి చూసేవాళ్ళు అలా చూడరని ఆయనకు అనిపించింది. కానీ భయం ఎక్కువగా ఉన్నప్పుడు ఎవరి చూపైనా అలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాడు.

"ఓహో," అంది ఆవిడ. "అయితే మూడూ పోయాలి."

మూడు చిన్న గ్లాసులు వచ్చాయి. మొదటిది ఎండుగడ్డి రంగు. ఆయన దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు, వాసన చూశాడు, ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. భయం కాసేపు ఎటో పోయింది. వృత్తికి ఆ దయ ఉంది. అది మనిషిని తన నుంచి తనను దాస్తుంది. "రాసుకో అమ్మాయ్. నురుగు పలచన, కానీ నిలుస్తుంది. రొట్టె పైపొర రుచి," అన్నాడు. రెండోది నల్లనిది. "చేదు ముందే పలకరించి వెళ్ళిపోతోంది. మర్యాద తెలిసిన చేదు." కోడలు నవ్వుతూ రాసుకుంది.

మూడో గ్లాసును రొట్టెలావిడ ఇంకా బల్ల మీద పెట్టలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ఇది మీరు రాసిన మూడోది," అంది. "మీ మాటలు నాకు నోటికొచ్చు. మొదట పొగ. తడికట్టెల పొగ కాదు, ఆరిపోయిన పొయ్యి దగ్గర మిగిలే పొగ. ఆ వెనక తేనె. నాలుక మీద కాదు, గొంతు దాటాక. అంతేగా? ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నాను. మొలకెత్తిన బార్లీని రొట్టెల పొయ్యిలో ఆరబెడితే పొగ వచ్చింది. తేనె మాత్రం ఎంత చేసినా నాలుక మీదే ఉండిపోతోంది, గొంతు దాటట్లేదు. ఎక్కడ తప్పుతున్నానో తెలీట్లేదు. మీరు తాగారు కదా, మీరైతే చెప్పగలరు. ఇదేనా?"

గ్లాసు ఆయన ముందుకొచ్చింది. కోడలి కలం కాగితం మీద సిద్ధంగా ఉంది.

ఇదే అంటే చాలు. ఒక్క మాట. ఆవిడ ఇరవయ్యేళ్ళ శ్రమ ఆ క్షణాన గట్టెక్కుతుంది. కోడలు రాసుకుంటుంది. అబద్ధమాడిన చోట నిజంగానే ఇల్లు లేచింది గనుక అది అబద్ధం కాకుండా పోతుంది. ముగ్గురూ సుఖంగా లేస్తారు. నష్టపోయేవాళ్ళు ఎవరూ లేని ఆ మాటను నాలుక మీదకు తెచ్చుకుని ఆయన ఆగాడు. మొదటి అబద్ధం దొంగకు చెప్పింది. ఈ రెండోది, నమ్మి ఇరవయ్యేళ్ళు పొయ్యి ముందు నిలబడిన మనిషికి చెప్పాలి. రెండూ ఒకటే మాటలు కావచ్చు. ఒకటే పని కాదు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

"గుర్తులేదా?"

"గుర్తుండటానికి తాగుంటే కదా."

ఆయన గ్లాసును తాకకుండానే కొంచెం దూరంగా జరిపాడు.

"ఈ ఇంట్లో అడుగుపెట్టడం నాకిదే మొదలు. ఆ పేజీ అబద్ధం. ఒకడు నా పుస్తకాన్ని కాపీ కొడుతుంటే వాణ్ణి పట్టుకోవడానికి కల్పించి రాశాను. రోడ్డు మీద పోతూ చూసిన తలుపు అది. తలుపుంటే దాని వెనక మనుషులుంటారన్న ఇంగితం నాకప్పుడు లేకపోయింది. ఆ మూడో బీరు ఎక్కడా లేదు. ఎవరూ కాయలేదు. లేనిదాన్ని పట్టుకుని నువ్విన్నేళ్ళు..."

కోడలు కలానికి మూత పెట్టింది. ఆ చిన్న చప్పుడు ఆయనకు పెద్దగా వినిపించింది.

"మొదటి పేజీలో ఏం రాశారు మామయ్యగారూ?"

ఆయన గుమ్మం తగిలిన నుదురు తడుముకున్నాడు.

"చెప్పండి. మీరు రాసిందే."

"నేను తాగని బీరు గురించి ఈ పుస్తకంలో ఒక్క అక్షరం లేదు," అన్నాడు ఆయన, గ్లాసువైపు చూస్తూ.

"మా ల్యాబులో ఒకడు నీళ్ళు పరీక్ష చేయకుండా కాగితం మీద అంకె వేశాడు. ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. ఎవరనుకున్నారు పంపింది? నేనే. అతను ఏడ్చినా నేను వినలేదు. అలాంటి ఉద్యోగం మానేసి మీ వెనక ఎందుకొచ్చానో తెలుసా? ఆ ఒక్క వాక్యం చదివి. ఈ రోజుల్లో ఇలా రాసుకోగలిగిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు కదా అని." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు సులువుగా ఉండేది. "మరి ఆ కడుపునొప్పి? అది కూడా కల్పనేనా?"

"అది నిజమే. దీని వల్ల వచ్చిందే."

"ఇలాంటివి ఇంకెన్నున్నాయి?"

"ఇదొక్కటే అమ్మాయ్. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దులెండి. నేనింకా కారు నడపాలి."

అనేశాక ఆమెకే కొంచెం నవ్వు వచ్చింది. దాన్ని చూపించడం ఇష్టంలేక కిటికీవైపు తిరిగింది. బయట నది తన మలుపు దగ్గర నెమ్మదిగా తిరుగుతోంది. ఆయన ఆమె వీపువైపు చూశాడు. ఈ వయసులో తనను నమ్మే మనిషి ఒకరు దొరికితే, ఆ నమ్మకాన్ని తన చేత్తోనే తీసి బల్ల మీద పెట్టవలసి వచ్చింది. అలా పెట్టినందుకు పశ్చాత్తాపం కలగకపోవడం ఆయనకే వింతగా ఉంది. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఊపిరి కడుపు దాకా వెళ్ళింది.

రొట్టెలావిడ అప్పటిదాకా నిలబడే ఉంది. ఇప్పుడు కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"అయిపోయిందా బావగారూ? ఇంకేమైనా ఉందా?"

"క్షమించమని అడగాలి..." అని మొదలుపెట్టి ఆయన ఆగాడు. "బావగారా? ఆ వరస ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"అక్క మొగుడు బావ కాక ఏమవుతాడు?"

"ఏ అక్క?"

"మీ ఆవిడ. మీ తరఫున క్షమాపణ ఆవిడ ఇరవై రెండేళ్ళ కిందటే చెప్పేసింది. మీరు అదే బల్ల ముందు కూర్చున్నారు."

కోడలు కిటికీ వదిలి ఇటు తిరిగింది. ఆయన మాత్రం కదల్లేదు. ఆ మాటలు చెవులకు చేరాయి, కానీ లోపల ఎక్కడ కూర్చోవాలో వాటికి తెలియనట్టుంది.

రొట్టెలావిడ చెప్పుకొచ్చింది. ఆ పేజీ అచ్చయిన మొదటి ఏడాదే పదకొండు మంది వచ్చారు, ఎనభై నాలుగో పేజీ తెరిచి పట్టుకుని. రొట్టెలమ్మే ఇంటికొచ్చి బీరేదని అడిగితే ఆవిడ భర్తకు ఒళ్ళు మండిపోయేది. లేదంటే వినరు. ఒకాయనైతే దాచుకోకండి, అచ్చులో ఉంది అంటూ అటకెక్కి వెతికాడు. చివరికి భర్త ప్రెస్సు చిరునామాకు ఒక ఉత్తరం రాశాడు.

"అందులో మాటలు మీ ముందు నేను పలకలేను. ఆయన పోయి ఆరేళ్ళవుతోంది, ఇంకా ఆ ఉత్తరం తలుచుకుంటే నాకు సిగ్గే. అది మీకు కాక అక్క చేతికి వెళ్ళింది. వారం తిరక్కుండా బస్సు దిగొచ్చింది. గుమ్మంలో నుంచుని, మా ఆయన మీ ఇంటిని అడక్కుండా వాడుకున్నారు, అందుకని నేనొచ్చాను అంది. తిడదామని సిద్ధంగా ఉన్న మా ఆయన కుర్చీ తెచ్చి వేశాడు."

"తనకెలా తెలిసింది?" అన్నాడు ఆయన. "నేనెవరికీ చెప్పలేదే. ఆ ఉత్తరం చూశాకేనా?"

"అక్కకి ఉత్తరం రాకముందే తెలుసు. మీ కాగితాలు సాపు రాసేది ఆవిడేగా? నేనూ అడిగాను, ఎలా తెలిసిందక్కా అని. ఏమందో తెలుసా? ఈయన ఎక్కడికెళ్ళినా కుర్చీ ఊగుతుంది. ఈగలుంటాయి. మెట్లు ఎక్కువుంటాయి. పక్క బల్లమీదవాడు పాడుతుంటాడు. ఈ ఒక్క పేజీలో ఏ తప్పూ లేదు. తప్పు దొరకలేదంటే ఈయన అక్కడ కూర్చోలేదన్నమాట. అని ఒకటే నవ్వు."

కోడలు పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. ముప్ఫై ఒకటి: ఊగే కుర్చీ. నలభై ఏడు: ఈగలు. అరవై: గాయకుడు. పద్దెనిమిది చోట్ల ఆమె ఆ ఫిర్యాదులను సరిచూసి, ఇప్పటికీ వర్తిస్తుంది అని రాసుకుంది. ఎనభై నాలుగు మచ్చలేకుండా ఉంది. ల్యాబులో ఆమె చేసిన పనీ అదే. మరీ శుభ్రంగా వచ్చిన అంకెను ముందు అనుమానించడం. తన పెళ్ళినాటికే అత్తగారు లేరు. ఆమెకు తెలిసిన అత్తగారు గోడ మీది ఒక ఫోటో, పాత ప్రూఫుల అంచుల్లో సన్నని వాలు చేతిరాత. ఆ చేతిరాతకు ఇప్పుడు నవ్వు వినిపించింది.

"మరి ఈ రాగి బాన?" అని అడిగింది.

"అదీ అక్క పనే. ఆ పేజీ తీయించెయ్యి అక్కా అంటే, తీయిస్తే నాకు తెలిసిపోయిందని ఆయన కుంగిపోతారు, ఆయనంతట ఆయన చెప్పే రోజు వస్తుంది, ఈలోగా పేజీనే నిజం చేద్దాం అంది. ఈస్ట్ నీకు కొత్తేంటే, రోజూ పిండిలో కలిపేదేగా అంది. పాత బాన ఎక్కడ దొరుకుతుందో మీ పుస్తకంలోంచే వెతికి పట్టుకుంది. మొదటిసారి కాచింది మా ఆయన మర్యాదకి ఒక గుక్క తాగి, పెరట్లోకెళ్ళి అరగంట రాలేదు." రొట్టెలావిడ కొంగులాంటి ఏప్రాన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది, నవ్వుకో మరెందుకో. "ఆరు సార్లు వచ్చింది అక్క. ఒక్క చెంచాడు నోట్లో తిప్పి, ఉమ్మేసి, ఇంకా లేదు అనేది. ఆరు సార్లూ అదే మాట."

"చెల్లెలింటికని వెళ్ళేది," అన్నాడు ఆయన నెమ్మదిగా. "వచ్చినప్పుడు శాలువాకి పొగ వాసన ఉండేది. మీ చెల్లెలింట్లో పొగగొట్టం పాడైనట్టుంది, బాగుచేయించుకోమను అన్నాను ఒకసారి."

"అన్నారట. ఇక్కడికొచ్చి అది చెప్పి చెప్పి నవ్వింది."

నలభై చోట్ల పొగలను విడివిడిగా గుర్తుపట్టి రాసిన ముక్కు అది. తన పక్కన మడిచిపెట్టిన శాలువా దగ్గర మాత్రం అడగవలసినంత కుతూహలపడలేదు. తెలుసుననుకున్న మనిషిని మనం చూడటం మానేస్తాం. ఆయన ఆ మాటను ఎక్కడో రాసుకోవాలన్నట్టు వేళ్ళు కదిపాడు. రాసుకోవడం ఇక కోడలి పని అని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

కోడలు మూడో గ్లాసును తిరిగి ఆయన ముందుకు జరిపింది.

"తాగండి. ఇప్పుడైనా తాగి చెప్పండి."

"నువ్వు రాసుకుంటావా?"

"తాగాక చూద్దాం."

ఆయన తాగాడు. ఒక్క గుక్క కాదు, మూడు గుక్కలు. రొట్టెలావిడ చేతులు ఒడిలో పెట్టుకుని, పరీక్ష ఫలితం వినడానికి వచ్చిన మనిషిలా కూర్చుంది.

"పొగ ఉంది," అన్నాడు. "తేనె నాలుక మీదే ఉంది. నువ్వన్నది నిజం. గొంతు దాటాక ఏమీ లేదు. కొంచెం చల్లగా ఉంది, అంతే." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేను రాసింది ఇది కాదు. నేను రాసింది ఎవరూ చేయలేరు తల్లీ. అప్పటికి నలభై చోట్ల తాగి, ఎక్కడా దొరకనిదాన్ని రాశాను. దొరక్కపోవడమే దాని రుచి. ఇది దొరికింది. ఇదే బాగుంది."

"అయితే ఇక వెతకడం మానెయ్యనా?"

"మానెయ్యి. ఇన్నేళ్ళూ నాది కాచావు. ఇక నీది కాచుకో."

ఆవిడ తలూపింది. భుజాలు దిగాయి. చాలాకాలం మోసిన బుట్టను దింపినవాళ్ళు కాసేపు ఖాళీ చేతులను చూసుకుంటారు. ఆవిడా తన చేతులవైపు చూసుకుంది. కోడలు కలం మూత తీసి, మామగారి మాటలను ఆయన చెప్పిన వరసలోనే రాసింది. ఒక్కటి తగ్గించలేదు, ఒక్కటి చేర్చలేదు. ఆయన ఆమె రాసేదాకా ఆగి, అడగవలసిన మాట అడిగాడు.

"రేపటినుంచి నువ్వు వస్తావా అమ్మాయ్? లేక వెనక్కి తిప్పుతావా?"

"ఇంకా ఇరవై రెండు ఉన్నాయి కదా మామయ్యగారూ," అంది ఆమె తల ఎత్తకుండా. "కోపం తగ్గలేదు. కానీ మీరు ఇదే అని అనేసి ఉంటే, అది ఎప్పటికైనా బయటపడి ఉంటే, అప్పుడు కారు నిజంగానే తిప్పేదాన్ని."

రొట్టెలావిడ లేచింది. పొయ్యి పక్కనున్న గూట్లోంచి, పిండి డబ్బా వెనకనుంచి, ఒక కవరు తీసింది. పదేళ్ళు వేడిలో ఉండి దాని అంచులు గోధుమరంగుకు తిరిగాయి.

"ఆఖరిసారి వచ్చినప్పుడు ఇచ్చింది. అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు, బస్సు దిగొచ్చి గంటసేపు మాట్లాడలేదు. ఆయన ఎప్పటికైనా ఇక్కడికి వస్తారు, తన నోటితో తను నిజం చెబితే ఇది ఇవ్వు అంది. చెప్పకపోతేనో అక్కా అన్నాను. చెప్పకపోతే మంచి గ్లాసు తాగించి, నవ్వుతూ పంపించెయ్యి, మనసు కష్టపెట్టకు అంది."

ఆయన కవరు అందుకున్నాడు. తెరవకుండానే కోడలివైపు చాపాడు. కోడలు తీసుకుని, కాగితాన్ని జాగ్రత్తగా విప్పింది. ఆ సన్నని వాలు చేతిరాతే. ఆమె పైకి చదివింది.

"మలుపు ఇల్లు. బస్సు దిగాక పది నిమిషాల నడక, ఎండైతే పదిహేను. రొట్టెలు చాలా బాగుంటాయి. బీరు రెండు రకాలు బాగుంటుంది, మూడోది ఇంకా నేర్చుకుంటోంది. నేర్చుకుంటున్నదాన్ని తాగడంలో ఒక సుఖం ఉంది, అది పూర్తిగా నేర్చేసుకున్నాక దొరకదు గనుక త్వరగా వెళ్ళండి. ఇంటావిడ మితంగా మాట్లాడుతుందని పాత ముద్రణలో రాసింది శుద్ధ అబద్ధం."

"అక్కా!" అంది రొట్టెలావిడ, ఆవిడ ఎదురుగా ఉన్నట్టే.

"ఎనభై నాలుగో పేజీలో ఇది వేయించండి," అని చదివి కోడలు కాగితం కింది భాగానికి వచ్చింది. అక్కడ రాత ఇంకా సన్నబడింది. ఆమె ఒకసారి లోపల చదువుకుంది. తర్వాత మామగారి ముఖంలోకి చూసి, ఇంతకుముందుకంటే నెమ్మదిగా చదివింది.

"ఇది మీకు మాత్రమే. చూడకుండా మీరు రాసింది ఈ ఒక్కచోటే అని నాకు తెలుసు. చూడని చోటు పుస్తకంలో ఇంకొకటుంది. అది మీరు రాయలేదు. మూడో ముద్రణకు మీ కాగితాలు సాపు రాస్తూ నేను చేర్చాను. మీరు ప్రూఫులు చూసి, ఇక్కడి బీరు నాకు బాగా గుర్తుంది అన్నారు. నేనేమీ అనలేదు. ఏ పేజీయో ఇప్పుడూ చెప్పను. ఇన్నేళ్ళు కాపురం చేశారు, మీరే కనుక్కోండి. అక్కడ ఒక మనిషి ఉన్నారు. మిమ్మల్ని చూడగానే గుర్తుపడతారు. మీరు గుర్తుపడతారో లేదో నాకు తెలీదు."

కోడలు కాగితాన్ని తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. రొట్టెలావిడవైపు చూస్తే ఆవిడ రెండు చేతులూ విప్పి తల అడ్డంగా ఊపింది.

ఆయన పుస్తకాన్ని తన ముందుకు లాక్కున్నాడు. వెళ్ళిన పద్దెనిమిది చోట్లా ఎవరూ ఆయన్ను గుర్తుపట్టలేదు గనుక, తాము ఇంకా వెళ్ళని ఇరవై రెండు చోట్లూ ఒక్కొక్కటిగా తెరిచాడు. ఒక్కొక్క పేజీలో ఆయన నడిచిన వీధి ఉంది, ఎత్తిన గ్లాసు ఉంది, ఊగిన కుర్చీ ఉంది. అన్నీ గుర్తున్నాయి. ఆఖరి పేజీ దాకా వెళ్ళి, పుస్తకం మూసి, రెండు చేతులతో కోడలికి అందించాడు.

"నువ్వు చూడమ్మా," అన్నాడు. "నాకు నా మాటలన్నీ నిజంలాగే కనిపిస్తున్నాయి."